పోరనుకున్న ఊరికి

మధ్యాహ్నం అన్నం తిని లైను మీదికి పోబోతుంటే సూపర్‌వైజర్ కొన్ని పేర్లు చదివి, మీరు క్యాంటీన్‌లోనే కూర్చోండి అన్నాడు. ముప్పై ఎనిమిది మందిమి. అందరం ఆడవాళ్లమే. మిగతావాళ్లు వెనక్కి తిరిగి మమ్మల్ని చూసుకుంటూ లోపలికి వెళ్లిపోయారు. కాసేపటికి మెషిన్ల చప్పుడు మొదలైంది. పదకొండేళ్లు ఆ చప్పుడు మధ్యలో పని చేసినదాన్ని, గోడ ఇవతల కూర్చుని వినడం అదే మొదటిసారి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మాది హిందూపురం దగ్గర చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ. మా ఊరు లేపాక్షి రోడ్డు నుంచి రెండు కిలోమీటర్లు లోపలికి ఉంటుంది. వరుసగా మూడేళ్లు వేరుశనగ చేతికి రాని కాలంలో ఆ ఫ్యాక్టరీ వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లలో కలుపు తీసే ఆడవాళ్లందరం వ్యానెక్కి కుట్టుపని నేర్చుకున్నాం. నేను ఇంటర్ దాకా చదివాను కాబట్టి రెండేళ్లకే చెకింగ్ టేబుల్‌కు మార్చారు. కాలరు కొసలు రెండూ సమంగా ఉన్నాయా, కుట్టు తప్పిందా, దారం వేలాడుతోందా చూసి పంపడం నా పని.

మేనేజర్ వచ్చాడు. బెంగళూరు మనిషి, తెలుగులో కన్నడం కలిపి మాట్లాడతాడు. తలా ఒక కవరు ఇచ్చాడు. లోపల ఇంగ్లీషులో ఒక కాగితం. పక్కనున్నామె తనది నా చేతిలో పెట్టి, "చదువమ్మీ, ఏమని ఉండాది?" అంది.

చదివాను. కంపెనీ అవసరాల దృష్ట్యా మిమ్మల్ని విశాఖపట్నం దగ్గరున్న యూనిట్‌కు బదిలీ చేస్తున్నాం, పది రోజుల్లోగా అక్కడ చేరాలి, చేరకపోతే మీ అంతట మీరే ఉద్యోగం వదులుకున్నట్టు భావిస్తాం అని ఉంది. అందరి కాగితాల్లోనూ అదే ఉంది. పేర్లు మాత్రమే వేరు.

"విశాఖపట్నమంటే యాడ?" అని ఎవరో అడిగారు.

"సముద్రం కాడ" అని ఇంకెవరో చెప్పారు.

మేనేజర్ గొంతు పెంచకుండానే అన్నాడు. "ఎవర్నీ కెలసంలోంచి, అదే పనిలోంచి, తీసేయలేదమ్మా. ఉద్యోగం ఉంది. అక్కడ ఉంది, అంతే. పోలేనివాళ్లకు బలవంతం లేదు."

పోలేనివాళ్ల కోసం టేబుల్ మీద ఇంకో కట్ట సిద్ధంగా ఉంది. అది రాజీనామా కాగితం. బదిలీ కాగితం ఇంగ్లీషులో ఉంది గానీ, ఇది చక్కటి తెలుగులో ఉంది. కుటుంబ కారణాల వల్ల నా ఇష్టపూర్వకంగా ఉద్యోగం మానుకుంటున్నాను అని రెండే వాక్యాలు. కింద పేరు అచ్చు వేసేశారు. సంతకం చేయడమే మిగిలింది. వేలిముద్ర వేసేవాళ్లకు సిరా ప్యాడ్ కూడా తెరిచి పెట్టారు.

మేనేజర్ నా వైపు చూసి, "నువ్వు చదువుకున్నావు కదా, వీళ్లకు అర్థమయ్యేటట్టు చెప్పు. ఈ సంతకం పెడితే రావలసిన డబ్బు వెంటనే వస్తుంది, పెట్టకపోతే ఏమీ రాదు" అన్నాడు.

నేను లేచి నిలబడి అదే చెప్పాను. ఆయన మాట ఆయనదిగానే చెప్పి ఉంటే బాగుండేది. కానీ నా నోటితో, మా యాసలో, నా సొంత మాట అన్నట్టే చెప్పాను. ఆ సాయంత్రానికే తొమ్మిది మంది సంతకాలు పెట్టారు.

వ్యానులో ఇంటికి వస్తూ ఆ ముప్పై ఎనిమిది మందినీ ఒక్కొక్కరినే తలుచుకున్నాను. అందరం పదేళ్లు దాటినవాళ్లమే. కొందరికి నలభై అయిదు దాటాయి, చూపు తగ్గింది. ఇద్దరు తాగే నీళ్ల గురించి గట్టిగా అడిగినవాళ్లు. నేనేం చేశాను? వేసవిలో ఒక లాటు చొక్కాలకు కాలరు వంకరగా వస్తే, వదిలెయ్ అన్నా వదలకుండా వెనక్కి పంపాను. అదేనా? లేక ఊరికే పదకొండేళ్లు అయిపోయినందుకా? ఈ ప్రశ్న చాలా రోజులు నన్ను నిద్రపోనివ్వలేదు, పనిచేసుకోనివ్వలేదు.

మరుసటి రోజు నుంచి మమ్మల్ని గేటు లోపలికి రానివ్వలేదు. అయినా నేను పొద్దున్నే వంట చేసి, డబ్బా కట్టుకుని, ఏడున్నరకు రోడ్డు మీదికి వెళ్లాను. వ్యాను నన్ను చూసి కూడా ఆగలేదు. కిటికీలో నుంచి ఒకామె చెయ్యి ఊపబోయి దించేసుకుంది. ఇంటికి తిరిగొచ్చి డబ్బా విప్పి అక్కడే నిలబడి తినేశాను. తర్వాత ఏం చేయాలో తెలియక చింతపండు గింజలు తీశాను. అవి అయిపోయాక ఊడ్చిన వాకిలి మళ్లీ ఊడ్చాను. అవ్వ అరుగు మీద నుంచి, "కూచోమ్మీ రవ్వంత సేపు, కాళ్లు నొయ్యవా?" అంది. కూర్చోవడమే నాకు చేతకాలేదు.

అవ్వ అంటే మా అమ్మను కన్న తల్లి, మా అత్త కూడా ఆమే. నన్ను మా అమ్మ తమ్ముడికే ఇచ్చి చేశారు. అందుకని మా ఆయనను చిన్నప్పటిలాగే మామా అని పిలుస్తాను. ఆయన ఆటోలో పట్టుగూళ్లు హిందూపురం మార్కెట్‌కు తోలతాడు. కాగితం చూపించినప్పుడు ఒకటే మాట అన్నాడు. "సంతకం పెట్టి వచ్చేయ్. యాడో సముద్రం కాడికి ఎవరు పోతారు?"

ఎవరూ పోరనే కదా రాశారు అనిపించింది.

నాలుగో రోజో అయిదో రోజో అక్క మా ఇంటికి వచ్చింది. సొంత అక్క కాదు, మా లైనులో కాలర్లు కుట్టేది, నేను అక్కా అని పిలుస్తాను. పుట్టింది తనకల్లు, మా పక్క ఊరికి కోడలై వచ్చింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. యాభైకి దగ్గర పడుతోంది. ఎండలో మూడు కిలోమీటర్లు నడిచి వచ్చి, నీళ్లు తాగి, కొంగుతో మూతి తుడుచుకుని అడిగింది.

"సంతకం పెట్టినావా?"

"లేదక్కా."

"నేనూ పెట్టలే. పోదాం పా."

"యాడికి?"

"వాళ్లు పొమ్మన్న కాడికే. పని ఆడ ఉండాదంటాండారు కదా. పోయి చూస్తే తెలుస్తాది, ఉండాదో లేదో."

"ఒకవేళ నిజంగా ఉంటే?"

"ఉంటే కుడతాం" అంది అక్క. "ఇంట్లో కూచోని నువ్వేం చేస్తాండావు? నీ మొగం చూడు, జొరమొచ్చినదాని మాదిరి ఉండాది."

ఆ సాయంత్రం మామతో చెప్పాను. ఆయన తింటున్న పళ్లెం పక్కకు జరిపాడు.

"పిల్ల తొమ్మిదో తరగతి. అవ్వకు కండ్లు సరిగా కనపడవు. నువ్వు పోతే ఇల్లెట్ల?"

"పోకుంటే నేనే మానుకున్నట్ల రాసుకుంటారు మామా. నేను మానుకోలేదు."

"అయితే ఎన్ని దినాలు?"

నాకు తెలియదు. మా పాప గుమ్మం దగ్గర నిలబడి అదే వింటోంది. "చెప్పుమా, ఎన్ని దినాలు?" అని అది కూడా అడిగింది. మామ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు మధ్యాహ్నం వచ్చి, ఇద్దరికీ రైలు టికెట్లు నా చేతిలో పెట్టి, ఆటో కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. అప్పటికి మిగతా ముప్పై ఆరు మందీ సంతకాలు పెట్టేశారని తెలిసింది.

హిందూపురంలో మధ్యాహ్నం ఎక్కి మరుసటి రోజు పొద్దున దిగాం. ఇచ్చిన గడువులో అది తొమ్మిదో రోజు. స్టేషన్ నుంచి ఫ్యాక్టరీకి పోయే బస్సు కిటికీలోంచి చూస్తే ఎక్కడ చూసినా నీళ్లే. రోడ్డు పక్క గుంతల్లో నీళ్లు, పొలాల్లో నీళ్లు, ఎవరికీ పట్టని నీళ్లు. అక్క చాలాసేపు చూసి, "ఇన్ని నీళ్లు పెట్టుకోని వీళ్లు కూడా కుట్టుపనికే పోతాండారా?" అంది. చెమటకు రవికెలు ఒంటికి అతుక్కుపోయాయి. మా దగ్గర ఎండ కాలుస్తుంది. అక్కడ ఉడకబెడుతుంది.

గేటు దగ్గర మా పేర్లు లేవు. సెక్యూరిటీ అతను మా కాగితాలు లోపలికి తీసుకెళ్లాడు. గంట తర్వాత కళ్లజోడు పెట్టుకున్న ఒక ఆఫీసరు బయటికి వచ్చాడు. కాగితం చూశాడు, మమ్మల్ని చూశాడు, మా సంచులు చూశాడు.

"నిజంగానే వచ్చేశారేంటండీ?" అన్నాడు.

అతను వెటకారంగా అనలేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఆ ఆశ్చర్యం చూశాక నాకు విషయం పూర్తిగా అర్థమైంది.

"రమ్మంటే వచ్చినాం సార్" అంది అక్క. "మెషినేది?"

అతను లోపలికి వెళ్లి ఫోన్లు చేసుకున్నాడు. తిరిగొచ్చి, కొత్త లైను ఇంకా వేయలేదు, వేశాక కబురు పెడతాం, అప్పటిదాకా ఊరికి వెళ్లి ఉండండి అన్నాడు. వెళ్తే మేం చేరలేదని రాస్తారు. ఆ మాటే అతనితో అన్నాను. సరే, అయితే మేం వచ్చామని హాజరు పట్టీలో సంతకం పెట్టించుకోండి అన్నాను. అది తన చేతిలో లేదన్నాడు. వచ్చారని ఒక చీటీ అయినా రాసివ్వండి అన్నాను. అదీ కుదరదన్నాడు.

గేటు ఎదురుగా టీ కొట్టు నడిపే ఆమె తన వెనక గది మాకు అద్దెకిచ్చింది. మేం రోజూ ఎనిమిదిన్నరకు గేటు పక్క సిమెంటు దిమ్మె మీద కూర్చునేవాళ్లం, అయిదున్నరకు లేచేవాళ్లం. పని చేసినప్పుడు తెలియని అలసట ఆ కూర్చోవడంలో తెలిసింది. ఒక్కోసారి నేను లేచి గోడ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేదాన్ని. లోపల మెషిన్లు ఆడుతుంటే వేళ్లూ మోకాలూ వాటంతట అవే కదిలేవి. పాప ఫోన్ చేసి, "పని దొరికిందామ్మా?" అంటే, "ఇంకా చూస్తాండారు" అనేదాన్ని.

మొదటి రోజు సాయంత్రమే అక్కకు ఒక ఆలోచన వచ్చింది.

"మా నాయన భూమి కాగితానికి తిరిగి తిరిగి, ఆఖరుకు ఆఫీసుకు రిజిస్టరు పోస్టు పంపినాడు. వాళ్లు తీసుకున్నట్ల కార్డు మీద సంతకం పెట్టి పంపల్ల. ఆ కార్డు చూపిస్తే ఇంక రాలేదనేకి లేకపోయా. మనం కూడా అట్ల రాయి."

"ఏమని రాసేది?"

"మీ గేటు కాడ కూచోనుండాం అని రాయి."

మరుసటి రోజు, అంటే గడువు ఆఖరి రోజు పొద్దున్నే, అట్లాగే రాశాను. ఫలానా మేమిద్దరం మీ బదిలీ ఉత్తర్వు ప్రకారం నిన్నటి నుంచి మీ గేటు ముందు హాజరుగా ఉన్నాం, పని చూపించండి. బదిలీ కాగితాల జెరాక్సులు పెట్టి, పోస్టాఫీసుకు వెళ్లి పంపి, రశీదు దాచుకున్నాం. రెండు రోజుల తర్వాత పోస్ట్‌మ్యాన్ సైకిల్ దిగి మా ముందు నుంచే గేటు దగ్గరికి వెళ్లాడు. ఆఫీసరు బయటికి వచ్చి కవరు వెనక మా పేర్లు చదివి, పది అడుగుల దూరంలో ఉన్న మమ్మల్ని చూశాడు. ఆఖరికి కార్డు మీద సంతకం పెట్టాడు. అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఊరు వదిలాక నేనూ నవ్వింది ఆ రోజే.

ఆ మరుసటి వారం, మేం కూర్చున్న దిమ్మె దగ్గరికి ఒకామె వచ్చింది. నా వయసే ఉంటుంది. ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసేదట. చేతిలో కవరు ఉంది.

"మీరు హిందూపురం నుంచి వచ్చారని టీ కొట్టామె చెప్పింది. అదేటి, ఏ పక్కనుంటాదమ్మా ఆ ఊరు?"

"ఎందుకమ్మా?"

ఆమె కవరులోంచి కాగితం తీసి ఇచ్చింది. చదవక్కర్లేకపోయింది, నాకు కంఠతా వచ్చిన వాక్యాలే. ఊరు పేరు మాత్రం మార్చారు. ఆమెతో పాటు ఇరవై మందికి పైగా హిందూపురం యూనిట్‌కు బదిలీ అయ్యారు. పది రోజుల్లోగా చేరాలి. కింద మా కాగితం మీద ఉన్న సంతకమే.

నా కాగితం తీసి దాని పక్కన పెట్టాను. అక్కకు చదువు రాదు గానీ, రెండు సంతకాల మీదా వేలు పెట్టి చూసి, "ఒకరిదే చెయ్యి" అంది.

"అక్కడ పనుందా అమ్మా?" అని ఆ ఊరి ఆమె మెల్లగా అడిగింది. "ఉంటే వెళ్లిపోదామనుకున్నాను. మా ఆయన పడవ మీద వేటకి పోయి దెబ్బ తగిలించుకున్నాడు, మంచంలో ఉన్నాడు. అక్కడికే తీసుకుపోదామనుకున్నాను."

ఏం చెప్పాలి? క్యాంటీన్‌లో లేచి నిలబడి నేను చదివి చెప్పింది గుర్తొచ్చింది. ఈసారి ఎవరి మాటా మోయకుండా చెప్పాను. "లేదమ్మా. ఉండి ఉంటే మమ్మల్ని ఈడికి తోలరు. సంతకం మాత్రం పెట్టొద్దు. మీ వాళ్లకు కూడా చెప్పు."

వాళ్లలో నలుగురు అప్పటికే పెట్టేశారు. మిగిలినవాళ్లతో కలిసి ఆ సోమవారం కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లాం. రెండు రకాల కాగితాలూ, ఆఫీసరు సంతకం పెట్టిన కార్డూ టేబుల్ మీద పెట్టాం. అక్కడి అధికారిణి మమ్మల్ని కూర్చోబెట్టి మొదటి నుంచి చివరిదాకా విన్నది. కంపెనీ వాళ్లను పిలిపించిన రోజు కోటు వేసుకున్న ఒకాయన వచ్చి, బదిలీ చేసే హక్కు యాజమాన్యానికి ఉందని చెప్పాడు.

"ఉంది, కాదనను" అందామె. "అక్కడివాళ్లకు ఇక్కడ పని ఉందని రాశారు. ఇక్కడివాళ్లకు అక్కడ పని ఉందని రాశారు. ఖాళీగా ఉన్న మెషిన్లు ఏదో ఒకచోట చూపించండి, వీళ్లను ఇప్పుడే పంపిస్తాను."

ఆయన గడువు అడిగాడు. ఇంకో రెండుసార్లు పిలిచారు. ఆఖరికి కంపెనీ వాళ్లు, సంతకాలు పెట్టనివాళ్ల బదిలీలు వెనక్కి తీసుకుంటున్నట్టు రాసిచ్చారు. మేం దిమ్మె మీద కూర్చున్న రోజులన్నీ పని దినాలే అని ఆ అధికారిణి అందులో రాయించింది. మేం బయల్దేరే రోజు కళ్లజోడు ఆఫీసరు టీ కొట్టు దాకా వచ్చి మాకు టీ ఇప్పించాడు. "నాకూ లెటరొచ్చిందండి, మధ్యప్రదేశ్‌కి" అన్నాడు.

ఇంటికి వచ్చిన రోజు పాప నన్ను వదలకుండా వెనకే తిరిగింది. మామ నా సంచి దించి, "చిక్కిపోయినావు" అన్నాడు. మర్నాడు వ్యాను ఆగింది. చెకింగ్ టేబుల్ దగ్గర వేరే అమ్మాయి ఉంది, నన్ను ప్యాకింగ్‌లో వేశారు. అక్కకు కాలర్లు ఇవ్వలేదు, గుండీలు ఇచ్చారు. లైనులో మా వాళ్లు కూర్చున్న చోట్ల కొత్తగా చేరిన చిన్న వయసు అమ్మాయిలు కూర్చున్నారు. వాళ్లకు ఏడాది కాంట్రాక్టట.

ఉద్యోగం దక్కిందని సంతోషపడాల్సింది. కానీ ఊళ్లో నడవాలంటే కష్టంగా ఉండేది. ఒకరోజు కొళాయి దగ్గర, మొదటి రోజే సంతకం పెట్టినామె బిందె పక్కన పెట్టి అడిగింది.

"చదివి చెప్పింది నువ్వే కదమ్మీ. పెట్టకుంటే ఏమీ రాదంటివి. నువ్వు పెట్టకపోతివి."

"నాకూ అప్పుడు తెలియదు పిన్నమ్మా."

"తెలియనిదానివి ఎందుకు చెప్పినావు?"

ఆమె ఇప్పుడు రాష్ట్రం సరిహద్దు దాటి ద్రాక్ష తోటల్లో పనికి పోతోంది. పొద్దున్నే నాలుగింటికి లేవాలి. ఆ తర్వాత మూడు ఆదివారాలు నేను ఊరూరూ తిరిగాను. ఇష్టపూర్వకంగా పెట్టిన సంతకాలు కావని, చదివి చెప్పింది నేనేనని, మేనేజర్ నాతో ఏం చెప్పించాడో అదంతా ఉన్నదున్నట్టు అర్జీగా రాశాను. ఇరవై ఒక్కమంది సంతకాలు పెట్టారు. కొందరు ఇంక ఏ కాగితం మీదా పెట్టమన్నారు. కొళాయి దగ్గర అడిగినామె రెండుసార్లు చదివించుకుని, మూడోసారి వేలిముద్ర వేసింది. ఆ అర్జీ అనంతపురం కార్మిక శాఖ ఆఫీసులో నడుస్తూ ఉంది. పిలిచినప్పుడల్లా సెలవు పెట్టి వెళ్తున్నాను. ఏమవుతుందో తెలియదు.

అక్క గుండీల దగ్గర ఆరు నెలలు చేసి మానుకుంది. ఈసారి రాజీనామా తెలుగులో తానే చెప్పి నాతో రాయించుకుంది. కుటుంబ కారణాలు అని రాయనివ్వలేదు, గుండీలు కుట్టడం ఇష్టం లేదని రాయమంది. తనకల్లులో తమ్ముడి ఇంటి పక్కనే ఒక గది వేసుకుని గొర్రెలు మేపుతోంది.

పోయిన నెల చూడ్డానికి వెళ్లాను. వాన లేక కొర్ర మొలక ఎండిపోయింది, అయినా మనిషి నల్లబడి గట్టిగా ఉంది. నాకు రాగి సంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టి, నేను తింటుంటే నా ఎదురుగా కూర్చుని చూసింది.

"ఇంకా కాలు ఆడిస్తానే ఉండావే" అంది.

చూసుకున్నాను. నిజమే, నా మోకాలు కదులుతూనే ఉంది. చేత్తో పట్టుకుంటే ఆగింది.

"ఆ కోస్తా ఆమె ఫోన్ చేస్తాంటాదా?"

"చేసింది. మళ్లీ ఏందో లిస్టు తయారు చేస్తాండారంట ఆడ."

"ఈసారి ఏ ఊరికో?"

"తెలీదక్కా."

అక్క లేచి గొర్రెలకు నీళ్లు పోసి వచ్చింది. చీకటి పడక ముందే కదిరి బస్సు ఉందని, అది పోతే ఇంకోటి లేదని తొందర పెట్టింది. రోడ్డు దాకా నాతో నడిచి, బస్సు కనపడగానే చెయ్యెత్తి ఆపింది.